నేలకందని పాదాలు

వియన్నా గోడపత్రికల్లో ఒటీలియాకు నాలుగేళ్లుగా ఎనిమిదేళ్లే. తెల్ల గౌను మోకాళ్లు దాటదు, జడలకు నీలి రిబ్బన్లు. తండ్రి ఆయాసపడుతూనే ఆమెను వేదిక మీదికి ఎత్తుకొచ్చి పియానో ముందు కూర్చోబెడతాడు. ఆమె పొడుగైన కొద్దీ ఆయన పీట ఎత్తు పెంచుతూ వచ్చాడు, ఎందుకంటే జనం ముచ్చటపడేది గాలిలో ఊగే ఆ పాదాలను చూసే. దుకాణాల్లో అమ్మే ఆమె బొమ్మలోనూ ముందు కనిపించేవి అవే. "ఈ పిల్ల పుట్టినరోజులన్నీ వాళ్ల నాన్న జేబులో ఉన్నాయి" అని హాలు కాపలాదారు నవ్వుతాడు. కచేరీ అయ్యాక ఎవరు ఒళ్లో కూర్చోమన్నా కూర్చుంటుంది, బుగ్గ చూపమంటే చూపుతుంది. ఒంటరిగా ఉన్నప్పుడు మాత్రం నిలబడి వాయించుకుంటుంది, స్వరాన్ని సాగదీసే పెడల్ మీద కుడికాలు వేసి, అది ఆరిపోయేదాకా వింటూ.

నిన్న సాయంత్రం కచేరీలో, పాట నెమ్మదించిన చోట, ఆమె పీట అంచుకు జారి పెడల్ తొక్కింది. హాలంతా స్వరం నిండింది. జనం చూపు మాత్రం కిందికి దిగిన ఆ పాదం మీదే ఉంది. చప్పట్లు ఆలస్యంగా, పలచగా వచ్చాయి.

"కాలు కిందికెందుకు పెట్టావే?" తెర వెనక తండ్రి పళ్లు కొరికాడు.

"పాట మధ్యలో తెగిపోతోంది నాన్నా."

ప్రతి కచేరీకీ బాదం మిఠాయి తెచ్చే ముసలి దొరసాని ఆమె కాళ్లవైపే చూస్తూ నిలబడిపోయింది. "ఎంత పెద్దదానివైపోయావమ్మా! ఇంకా ఇవేం తింటావులే" అంటూ పొట్లాన్ని తిరిగి సంచిలో పెట్టుకోబోయింది.

ఒటీలియా గభాలున చెయ్యి చాపింది. పన్నెండేళ్ల పిల్ల కదా.