అగ్గిపుల్లల లెక్క

నిన్న డ్యూటీ దిగి అలసిపోయి బస్సులో వస్తుంటే, నందిపేట్ దగ్గర పసుపు ఉడికిస్తున్న వాసన వచ్చింది. ఐదో తరగతి దోస్తులారా, గుర్తుందా? శనివారం బడి వదిలాక, లెక్కల్లో చురుకైన మన నలుగురి పేర్లు రాసుకుని, టీచరమ్మ అగ్గిపుల్లలతో చిక్కులెక్కలు పెట్టేది.

ఒకరోజు తెల్లారకముందే లేచి మా అమ్మతో, అదే అవ్వతో, పసుపు పనిచేసి బడికొచ్చిన నేను, పుల్లల ముందే కునికాను.

"దీని పేరు తీసెయ్యుండ్రి టీచర్," మనలో ఒకరన్నది నిద్రమత్తులో వినబడింది.

"పండుకోనియ్యి. లెక్క యాడికి పోతది?" అంది టీచరమ్మ.

లేచేసరికి మీరంతా వెళ్లిపోయారు. పేరు పోయిందనుకుని ఏడుపొచ్చింది. టీచరమ్మ మాత్రం పక్కనే కూర్చుని ఉంది. నా పుల్లలను ఎవరూ కదపలేదు. రెండు జరిపితే లెక్క కుదిరింది.

ఆమె నాతో ఇంటిదాకా వచ్చి, "నీ బిడ్డ మస్తు అలిసింది. రేపొక్కరోజు లేపకమ్మా," అని అవ్వతో చెప్పింది.

మరునాడు ఎండెక్కేదాకా అవ్వ నన్ను లేపలేదు.