సూదితోక బాతుల నిద్ర మీద డబ్బా మోత

గనిలో వారమంతా బొగ్గు మోసే బెల్టు చప్పుడు విని విని నా చెవులు చచ్చిపోతాయి. అందుకే ఉన్న ఒక్క సెలవు రోజు ఎక్కడో నీళ్ల దగ్గర పిట్టల్ని చూస్తూ కూర్చుంటాను. చలికాలం ముందర ఉత్తరం నుంచి సూదితోక బాతులు మన వైపు దిగుతాయి. టేకులపల్లి దాటాక అడవి అంచున ఉన్న రిజర్వాయర్‌లో దిగాయనీ, గట్టున కొత్తగా టెంట్ల క్యాంపు పెట్టారనీ తెలిసి బయలుదేరాను. ఒళ్లు మండి తిరిగొచ్చాను.

కొత్తగూడెంలో మొదటి బస్సు పట్టుకుంటే టేకులపల్లిలో ఎండెక్కక ముందే దిగొచ్చు. అక్కడి నుంచి ఆటోకు మూడు వందలు తీసుకున్నాడు. "పిట్టల్ని చూడనీకి గింత దూరమా అన్నా? కూరకైతే చెప్పు, కోడి ఇప్పిస్త" అని దారంతా నవ్వాడు డ్రైవర్. క్యాంపులో పగటి పూటకు ఐదు వందలు, టిఫిన్, భోజనం అందులోనే.

నేను వెళ్లేసరికి నీళ్ల నిండా బాతులే. హిమాలయాలు దాటొచ్చిన అలసట కదా, ముక్కులు రెక్కల్లో దూర్చి నిద్రపోతున్నాయి. గట్టు మీద నలుగురు పట్నం సార్లు పెద్ద పెద్ద కెమెరాలతో కాచుకుని ఉన్నారు. ఇంతలో ధన ధన ధన మోత! క్యాంపులో వంట చేసే సారక్క, జొన్నచేలో చిలుకల్ని తోలినట్టు నూనె డబ్బా మీద కట్టెతో బాదుతోంది. బాతులన్నీ బెదిరి లేచాయి. కెమెరాలు టకటకలాడాయి. కాసేపు చక్కర్లు కొట్టి పాపం మళ్లీ అక్కడే దిగాయి.

"ఎందుకు కొడుతున్నవక్కా?" అని ఉరికాను.

"ఎగురంగ ఫొటో కావాల్నంట సార్లకు. టిఫిన్ ముంగట ఒకపాలి, అయినంక ఒకపాలి."

"అవి పండుకున్నయి గదా!"

"నువ్వేంది తమ్మీ, వాటికి అల్లునివా?" అని పకపకా నవ్వింది. ఊరికే లేపుతుంటే ఒంట్లో సత్తువ పోయి, ఈ నీళ్లనే వదిలేసి పోతాయని చెప్పాను. నవ్వు ఆపింది. "నేను కొట్టకుంటే ఇంకోళ్లతోని కొట్టిస్తరు. పోయి వాళ్లకు చెప్పు."

చెప్పాను. ఆకుపచ్చ టోపీ సారు కెమెరా నుంచి కన్ను కూడా తీయలేదు. "పిట్టలు పుట్టిందే ఎగరడానికి బ్రదర్."

"నైట్ షిఫ్ట్ చేసి పండుకున్నోని మంచం కాడ గిట్లనే డబ్బా కొడితే ఊకుంటడా?"

"ఎవడ్రా బాబూ వీడు!" అంటూ అతను సారక్కకు చెయ్యి ఊపాడు. ఆమె కట్టె ఎత్తలేదు. నాకే కోపం ఆగలేదు. "సిగ్గుండాలె మీకు!" అని గొంతు చించుకుని అరిచాను.

నీళ్లన్నీ ఒక్కసారి లేచినట్టయింది. ఈసారి బాతులు తిరిగి దిగలేదు. టేకు చెట్ల మీదుగా పినపాక దిక్కు వెళ్లిపోయాయి. కెమెరాలు మాత్రం ఆగలేదు. "సూపర్ బ్రదర్!" అన్నాడు టోపీ సారు.

టిఫిన్ ముట్టకుండా రోడ్డెక్కాను. వాళ్ల మీద, ఆ క్యాంపు మీద కోపం ఇంకా దిగలేదు. అన్నిటికన్నా నా నోటి మీదే ఎక్కువ. అంత దూరం ఎగిరొచ్చిన ప్రాణాలు మనల్ని అడిగింది ఒక పూట నిద్ర. అది వాళ్లూ ఇవ్వలేదు, నేనూ ఇవ్వలేదు.

మీరు వెళ్లేట్టయితే ఒక్క పని చేయండి. డబ్బు కట్టే ముందు క్యాంపుకు ఫోన్ చేసి, "ఎగిరే ఫొటోలు దొరుకుతాయా?" అని అడగండి. "గ్యారంటీ సార్" అన్నారా, అక్కడికి పోకండి.