జంపక్క నేర్పిన మూడెకరాలు

రాఘవమ్మ మొదటిసారి పొలంలో కాలు పెట్టింది ముప్పై ఎనిమిదో ఏట. అప్పటిదాకా వరి ఎన్ని నెలల పంటో కూడా ఆమెకు తెలియదు. కృష్ణా జిల్లా నుంచి భర్త వెంకటప్పయ్య వెంట పర్ణశాలకు నాలుగు మైళ్ల దూరంలో, అడవి అంచున ఉన్న కోయగూడేనికి వచ్చి అప్పటికి పద్నాలుగేళ్లు. అతను గూడెం వాళ్లకు ఉప్పూ గుడ్డలూ అమ్మేవాడు, వాళ్ల దగ్గర చింతపండూ ఇప్పపువ్వూ కొనేవాడు. మా ఇంటి ఆడవాళ్లు పొలానికి వెళ్లరు అని పుట్టింట్లో గొప్పగా చెప్పుకునే మాటే ఆమె కూడా చెప్పుకునేది.

పందొమ్మిది వందల డెబ్బై ఎనిమిదిలో వెంకటప్పయ్య పచ్చకామెర్లతో పోయాడు. పిల్లలు లేరు. దుకాణంలో సరుకంతా మరుదులు బండ్లకెత్తుకుని వెళ్లిపోయారు. పుట్టింటికి పోతే వదినల వంటింట్లో పడి ఉండాలి. ఆమె పోలేదు. భర్త పేరు మీద మూడెకరాలు ఉంటే, వాటినే నమ్ముకుంది.

తొలకరి చినుకులు పడగానే కూలివాళ్లను పిలిచి గింజలు చల్లించింది. వారం తిరిగేసరికి మొలకలు మాడిపోయాయి. ఆమె గట్టు మీద నిలబడి చూస్తుంటే, కట్టెల మోపుతో పోతున్న కోయ మనిషి జంపక్క ఆగింది. యాభై దాటిన విధవ, గూడెం చివరి గుడిసెలో ఒక్కతే ఉండేది.

"చినుకు చూసి చల్లినవా?" అంది.

"వాన పడింది గదా."

"వాన నీ ఇంటి మీద పడ్డది. నేల లోపటికి దిగలే." జంపక్క మోపు దించి చేత్తో మట్టి తవ్వి చూపింది. వేలెడు లోతున అంతా పొడి దుమ్మే.

మర్నాడు పిలవకుండానే వచ్చింది. ఆ తర్వాత ఎనిమిదేళ్లు వస్తూనే ఉంది. ఇచ్చిన కూలి తీసుకునేది, పెట్టిన గంజి తాగేది. గుప్పిట్లో మన్ను పిసికి విత్తే అదను చెప్పేది. ఈశాన్యం మూల ఊట ఉంది, అక్కడ వరి. నడిమి చెక్కలో కింద బండ ఉంది, అక్కడ కంది తప్ప ఏదీ నిలవదు. పందులు వాగు వైపు నుంచే దిగుతాయి, ముళ్లకంప అటే వేయాలి. మొదటిసారి నాట్లకు దిగిన రోజు రాఘవమ్మ నడుము పట్టేసి బురదలోనే కూలబడి ఏడ్చింది.

"ఏడుపు పొద్దుగూకినంక. నారు వాడిపోతాంది, లే," అంది జంపక్క.

నాలుగో ఏడు పంట బాగా వచ్చింది. కళ్లంలో తూర్పారబడుతూ రాఘవమ్మ అడిగింది. "ఈ నేల గుట్టంతా నీకెట్లా తెలుసు జంపక్కా?"

"నా మొగుడు చెట్లు కొట్టి చేసిన పోడు ఇది. కరువు ఏడు నీ పెనిమిటి రెండు బస్తాల జొన్నలిచ్చి ఏలిముద్ర ఏయించుకున్నడు."

"మరి ఇన్నాళ్లూ చెప్పలేదేం?"

"చెప్తే ఏంజేసేదానివి?"

ఆ రోజు రాఘవమ్మ కూలితో పాటు రెండు మానికల గింజలు ఎక్కువ కొలిచింది. అంతకు మించి ఏమీ చేయలేదు.

ఎనభై ఆరులో గూడెం కుర్రవాళ్లు, కోయల భూమి బయటివాళ్లు కొనరాదన్న చట్టం చూపి, పరులపాలైన భూములన్నిటి మీదా అర్జీలు పెట్టారు. విచారణకు ముందురోజు జంపక్క వచ్చి గడప దగ్గర కూర్చుంది.

"నేను గూడ అర్జీ మీద ఏలిముద్ర ఏసిన. నీకు చెప్పకుంట ఏసుడు మంచిది గాదని వచ్చిన. నువ్వు గూడ బతకాలె. సగం నువ్వు చేస్కో, సగం నాకియ్యి. ఆఫీసరుకు ఇద్దరం గట్లనే చెప్పుదం."

రాఘవమ్మ మజ్జిగ ఇచ్చింది. మాట మాత్రం ఇవ్వలేదు.

విచారణకు వచ్చిన ఆఫీసరు చేను చుట్టూ నడిచాడు. రాఘవమ్మ తన భర్త నాటి శిస్తు రసీదులు చూపింది. "రసీదులు సరే, సేద్యం చేస్తున్నది మీరేనా?" అని అతను అడిగితే ఊట మూల చూపింది, బండ ఉన్న చెక్క చూపింది, పందుల దారి చూపింది. ఒక్కచోటా తడబడలేదు. తర్వాత జంపక్కను అడిగారు. ఆమె కూడా అవే చెప్పింది.

"కూలికొచ్చే మనిషికి ఆమాత్రం తెలియదా?" అని గుమాస్తా నవ్వాడు.

ఆఫీసరు రాఘవమ్మ వైపు తిరిగాడు. "ఈమె మీ దగ్గర ఎన్నాళ్లుగా పని చేస్తోంది?"

"ఎనిమిదేళ్లుగా అండీ."

"అంతకుముందు ఈ భూమితో ఆమెకేమైనా సంబంధం ఉందా?"

జంపక్క ఆమెనే చూస్తోంది.

"నాకు తెలియదండీ," అంది రాఘవమ్మ.

తీర్పు రాఘవమ్మకే అనుకూలంగా వచ్చింది. ఆ ఏడు నుంచి గూడెం మనిషి ఒక్కరూ ఆమె చేలో కాలు పెట్టలేదు. కలుపుకూ కోతకూ ఆమె దూరపు ఊళ్ల నుంచి ట్రాక్టర్ల మీద కూలీలను తెచ్చుకుంది. జంపక్క వాగు అవతల మిరపతోటల్లో కాయ కోయడానికి పోయేది. దారిలో ఎదురైతే పక్కకు తప్పుకునేది, తిట్టేది కాదు. తిడితే బాగుండునని రాఘవమ్మకు చాలాసార్లు అనిపించింది.

ఎనభై తొమ్మిది వానల్లో జంపక్క మలేరియాతో పోయింది. కబురు విని రాఘవమ్మ బియ్యం మూట కట్టుకుని వెళ్లింది. ఎవరూ కూర్చోమనలేదు, పొమ్మనీ అనలేదు. మూట అరుగు మీద పెట్టి తిరిగొచ్చింది. తెల్లారేసరికి అది ఆమె వాకిట్లో ఉంది, ముడి విప్పకుండా.

ఆ తర్వాత ఇంకో ఎనిమిదేళ్లు ఆమె బయటి కూలీలతోనే, జంపక్క చెప్పిన అదనులోనే ఆ సేద్యం చేసింది. పంట ఏ ఏడూ తప్పలేదు.