గేటు దగ్గర అతను ఏమన్నాడు

ఈ సంగతి చెప్పబోయినప్పుడల్లా ఎవరో ఒకరు లేచి వెళ్లిపోయారు. అటవీ ఆఫీసులో కూర్చోమన్నారు, సాయంత్రం దాకా పిలవలేదు. మా బావమరిదైతే "పోయిన మనిషి ముచ్చట ఇప్పుడెందుకు బావా" అని చెయ్యి ఊపేశాడు. అందుకే రాస్తున్నాను. రాసేవాణ్ని మధ్యలో ఆపలేరు.

బట్ట నేసే సాంచెల మోతలో నా చెవులు ఎప్పుడో పోయాయి. కార్ఖానాలో మేమందరం పెదవులు చూసి మాట అందుకునేవాళ్లమే. కరోనా వచ్చి అందరి మూతికీ గుడ్డ కట్టింది. నాకు లోకం మూగదైపోయింది. బయట ఎవరేమన్నా నా భార్యే నా వైపు తిరిగి, మాస్కు దించి, మళ్లీ చెప్పేది.

సూరత్ అంచున, ఉన్ అనే బస్తీలో మా గదికి కిటికీ లేదు. లాక్‌డౌన్ అంతా అందులోనే గడిచింది. సడలించాక, ఆ చలికాలం ఆమె ఒకటే అడిగింది.

"గీ గోడలు జూసి జూసి కండ్లు మండుతున్నయ్. ఒక్క రాత్రన్న పెద్ద చెట్టు కింద పండుకోవాలె."

సూరత్‌కు అవతల డాంగ్ అడవుల్లో నలుగురు చేతులు కలిపినా అందని టేకు మాను ఉందని పక్కింటామె ఫోనులో చూపించిందట. కార్ఖానాలో మిగిలిన పూల నేత చీర గుడ్డతో నేనే గుడారం కుట్టాను. బండికి కట్టుకుని బయల్దేరాం. దారిలో చాయ్ బండివాడు మా బండి మీద సూరత్ నంబరు చూసి, రోగం అంటుతుందని కప్పులు నేల మీద పెట్టాడు. అది నేను మరిచిపోలేదు. మొదటి అడవి గేటుకు కరోనా వల్ల మూసేశామన్న బోర్డు వేలాడుతోంది. ఆ రాత్రి ఒక చేను గట్టున గుడారం వేస్తే ఆమె పడీపడీ నవ్వింది.

"ఏమయ్యా, గిది గుడారమా, పెండ్లిపిల్ల ముసుగా?"

"నేసినోడు నీ మొగుడే. జర ఇజ్జత్ ఇయ్యి."

"రేపు చెట్టు జూపెట్టు, అప్పుడు ఇస్త తియ్."

మర్నాడు రెండో అడవి గేటు. అడ్డకర్ర అవతల ఆ మాను కనిపిస్తూనే ఉంది. కాపలావాడు వచ్చాడు, ముక్కు దాకా మాస్కు. నాకు ఒక్క ముక్క అందలేదు. ఆమె ముందుకు వెళ్లి మాట్లాడింది, వీపు నా వైపు. చేత్తో చెట్టును చూపింది, గుడారాన్ని చూపింది, నన్ను చూపింది. అతను చాలాసేపు ఏదో అన్నాడు. ఆమె చెయ్యి మెల్లగా కిందికి జారింది. తిరిగి వచ్చి, మాస్కు దించకుండానే బండి వైపు సైగ చేసింది.

తిరుగు దారిలో, సూరత్ ఇంకాస్త ఉందనగా కడోదరా దగ్గర బండి ఆపి అడిగాను.

"ఏమన్నడే వాడు?"

అప్పుడు మాస్కు దించింది. "ఏం లేదయ్యా. ఇడిచిపెట్టు."

"రానియ్యనన్నడా? సూరతోల్లమనా? నేను చెవిటోన్ననా?"

"ఇడిచిపెట్టమంటి గదా!"

ఆ తర్వాత ఆమె నోట చెట్టు మాట రాలేదు. గుడారాన్ని మడిచి ట్రంకు పెట్టె అడుగున పెట్టేసింది. నేను మళ్లీ మళ్లీ అడిగాను. ప్రతిసారీ మొహం తిప్పుకుంది. ఎండాకాలంలో రెండోసారి రోగం ఊరిమీద పడ్డప్పుడు ఆమె పోయింది. చివరి రోజుల్లో ఆసుపత్రి గాజు తలుపు అవతల ఆమె మూతికీ ఏదో కట్టారు.

ఆ గేటు దగ్గరికి మళ్లీ వెళ్లాను. కొత్త మనిషి ఉన్నాడు. పాతవాడు బదిలీ అయ్యాడని కాగితం మీద రాసి చూపించాడు. ఎక్కడికి అంటే భుజాలు ఎగరేశాడు.

నాకు చెట్టు అక్కర్లేదు. రానివ్వనందుకు కూడా అడగడం లేదు. ఆనాటి కాపలావాడా, నువ్వు ఎక్కడున్నా సరే, మాస్కు తీసి నా ఎదురుగా నిలబడి చెప్పు. నా భార్యతో ఏమన్నావు?