నైట్ షిఫ్ట్ ఇంట్లో కుక్కపిల్ల

మా ఆయనకు నైట్ షిఫ్ట్ పడిన వారం మా ఇంట్లో పగటిపూట గట్టిగా మాట్లాడం. మిక్సీ పని ఆయన డ్యూటీ దిగి వచ్చేలోపే ముగించేస్తాను. కుక్కర్ పెట్టను, అన్నం గిన్నెలోనే వండి వారుస్తాను. కూరగాయల బండి అక్క కూడా మా గేటు ముందుకు రాగానే గొంతు తగ్గిస్తుంది. భూపాలపల్లి క్వార్టర్లలో ఇదేం వింత కాదు. ఇక్కడ బాయి అంటే నీళ్ల బావి కాదు, బొగ్గు గని. నిద్ర చాలని మనిషి బాయిలోకి దిగితే ఏమవుతుందో ఇక్కడెవరికీ చెప్పక్కర్లేదు.

అలాంటి ఇంటికి నేను కుక్కపిల్లను తెచ్చాను. నాకు రాత్రిళ్లు ఒంటరిగా ఉండాలంటే భయం. వరుసలో మాది చివరి క్వార్టర్. వెనక గోడ, గోడ వెనక తుమ్మ చెట్లు. ఆకు కదిలినా లేచి కూర్చుంటాను. ఇంత వయసొచ్చి ఈ భయమేంటని మా అక్క నవ్వుతుంది. నవ్వనీ, వచ్చి నాతో పడుకునేది ఆమె కాదు కదా. కాటారంలో మా తల్లిగారింట్లో కుక్క ఈనిందని తెలిసి, పిల్లలు పాలు మరిచాక వెళ్లి, ఒళ్లంతా నలుపు, పాదాలు మాత్రం తెలుపున్న పిల్లను సంచిలో పెట్టుకుని బస్సెక్కాను.

మా ఆయన దాన్ని చూసి, "ఉండనియ్యి. కాని పగలు నా నిద్ర చెడగొడితె మాత్రం మళ్ల కాటారం బస్సెక్కిచ్చుడే" అన్నాడు. అది బెదిరింపు కాదు. ఆయనకు వేరే దారి లేదు.

పగలు అది కుదురుగా ఉండాలంటే ఏం చేయాలో ఫోన్లో వీడియోలు చూసి, ఇనుప కడ్డీల బోను ఒకటి తెప్పించాను. ఆ సంగతి చెప్పగానే మా అవ్వ, అంటే మా అమ్మ, కాటారం నుంచి ఫోన్లోనే అందుకుంది.

"బోన్ల ఎలుకలు పడ్తయి. పసిదాన్ని బోన్ల ఏసుడేందే? నీకేమన్న పిచ్చి లేసిందా?"

"బోను కాదే అవ్వా. దాని అర్ర అనుకో."

"అర్ర అయితె బయట గొళ్లెమెందుకే?"

ఫోన్ పెట్టేసి పనిలో పడ్డాను.

పొద్దున ఆయన డ్యూటీ దిగి రాగానే, మాపటికి కోళ్లను గూట్లోకి తోలినట్టే దాని వీపు మీద చెయ్యి పెట్టి లోపలికి తోసి గొళ్లెం పెట్టాను. అది మొత్తుకుంది. అంత చిన్న ఒంట్లో అంత గొంతు ఎక్కడ దాచిందో! పక్క గదిలో ఆయన అప్పుడే పడుకున్నాడు. పరుగెత్తి తీశాను. ఠక్కున ఊరుకుంది. మళ్లీ తోశాను, మళ్లీ మొత్తుకుంది, మళ్లీ తీశాను. రెండు మూడు రోజులకు అది మొరిగే ముందు నా వైపు ఒకసారి చూడటం మొదలుపెట్టింది. నేను దానికి నేర్పుతున్నాననుకుంటే, అదే నాకు నేర్పేసింది. ఏడుస్తున్నప్పుడు అస్సలు తలుపు తీయొద్దని వీడియోల్లో చెప్తారు. వాళ్లకేం, వాళ్ల ఇళ్లల్లో రాత్రంతా బొగ్గు తవ్వి వచ్చి పడుకున్న మొగుడు ఉండడు.

వారం సగమయ్యేసరికి ఆయన కళ్లు ఎర్రబడ్డాయి. ఒక సాయంత్రం నా చెప్పులు వేసుకుని గేటు దాకా పోయి, అక్కడ చూసుకుని వెనక్కి వచ్చాడు. వేరే రోజైతే పడీ పడీ నవ్వేదాన్ని. ఆ రోజు మాత్రం, ఈ మనిషి ఇప్పుడు బాయిలోకి దిగాలి కదా అనుకున్నాను. మర్నాడు పొద్దున్నే అవ్వకు ఫోన్ చేసి, ఆదివారం పిల్లను తెచ్చి దింపుతానని చెప్పాను. చెప్పి, వంటింట్లో కూర్చుని ఏడ్చాను.

ఆ మధ్యాహ్నం కూడా దాన్ని లోపలికి తోస్తుంటే మొత్తుకుంది. ఆయన లేచి వచ్చాడు. తిట్టు తప్పదనుకున్నాను. బోను ముందు నేల మీద కూర్చున్నాడు.

"నూకకే" అన్నాడు. "ఇక్కడికి బదిలీ కాకముందు నేను జేసిన బాయిల కేజ్ ఉండె. గిట్లనే ఇనుప సలాకలు. అండ్ల నిలవడితె కిందికి దింపేటోళ్లు. మొదటి రోజు నాకు కాళ్లు రాలే. ఎనక నుంచి ఒకాయన నూకిండు. గప్పుడు నేను మొత్తుకున్నది సూడాలె, గిదెంత!"

"మరెట్ల ఎక్కినవ్?"

"తెల్లారి ఇంకో పెద్దాయన ముందుగాల తనే ఎక్కి, నాతోని ముచ్చట పెట్టిండు. ముచ్చట్లవడి నేనే ఎక్కిన."

రొట్టె ముక్క పట్టుకుని మోచేతి దాకా చెయ్యి బోనులో పెట్టాడు. దానితో ఏదో సొల్లు మాట్లాడుతూ అట్లాగే కూర్చున్నాడు. అది వాసన చూసింది, ముందు కాళ్లు రెండూ లోపల పెట్టింది, భయపడి వెనక్కి దూకింది. ఆయన తలుపు మూయలేదు, నన్నూ మూయనివ్వలేదు. పొద్దుగూకే వేళకు అది తనంతట తనే లోపలికి పోయి రొట్టె తిని వచ్చింది.

ఆదివారం నేను బస్సెక్కలేదు. తర్వాతి వారం ఆయనకు మొదటి షిఫ్ట్, రాత్రి నిద్ర రాత్రే దొరికింది. అది తింటున్నంతసేపు తలుపు మూసి, తిన్నాక తీశాం. తర్వాత ఇంకాస్త సేపు, ఇంకాస్త సేపు. మళ్లీ నైట్ షిఫ్ట్ వచ్చేనాటికి పగలు ఆయన మంచం మీద, అది బోనులో, ఇద్దరూ గురక పెట్టి పడుకున్నారు. రాత్రి అది నా మంచం పక్కన.

ఆ వారం ఒక సాయంత్రం టిఫిన్ డబ్బా సర్దుతూ అడిగాను.

"ఇక్కడ కేజ్ లేదు గద. ఇప్పుడు భయం పోయిందా?"

"యాడికి పోతది?" అన్నాడు, చొక్కా గుండీలు పెట్టుకుంటూ. "దిగేటప్పుడు రోజూ అయితది."

పెళ్లయి ఇన్నేళ్లలో ఆయన నోట ఆ మాట వినడం అదే మొదలు. ఈ ఇంట్లో రాత్రయితే భయపడేది నేనొక్కదాన్నే అనుకుని కుక్కపిల్లను తెచ్చుకున్నాను.