పడమటి బోరు

రామగుండం దగ్గర మూతపడిన ఒక ఫ్యాక్టరీ వ్యర్థాల గుంట కింద భూగర్భజలం చెడిపోయింది. దాన్ని బాగుచేసే ప్లాను రాసింది నేనే. చెడ్డ నీరు తూర్పుకు పారుతుందని లెక్కగట్టి, దాన్ని తోడిపోసే బోర్లన్నీ అటే వేయించాను. ఏడాదైనా చెడ్డ నీరు చిక్కలేదు, వాటిలో మంచినీళ్లే వచ్చాయి.

ఒకరోజు ఎండకు తాళలేక, గుంటకు పడమట ఉన్న ఇంట్లో దాహం అడిగాను.

"ఇవి ట్యాంకరు నీళ్లు, తాగు బిడ్డా. మా బాయి నీళ్లు చేదెక్కినయి," అంది ఆ ఇంటి అవ్వ.

"ఎప్పటి సంది అవ్వా?"

"గా పడమటి దిక్కు రాళ్ల క్వారీల నీళ్లు తోడుడు షురూ చేసిన కాడికెళ్లి."

క్వారీ మోటార్లు భూమిలోని నీటిని పడమటికి లాగేస్తున్నాయి! బావినీళ్లు సీసాలో పట్టి స్కూటరు మీద ల్యాబుకు ఉరికాను. అందులో ఫ్యాక్టరీ వ్యర్థాలే తేలాయి; అవ్వ మాటే నిజమైంది.

"సార్, నా ప్లాను తప్పు!" అని నవ్వుతూ చెబితే మా ఇంజనీరు తెల్లబోయాడు. రిపోర్టు చూసి, "మళ్ల రాయి, జల్ది," అన్నాడు.

కొత్త ప్లాను ప్రకారం పడమట వేసిన మొదటి బోరులో పచ్చటి నీళ్లు పడ్డాయి. నేను ఎగిరి గంతేశాను.

"ఖరాబు నీళ్లొస్తే గింత సంబురమేంది బిడ్డా?" అంది, బోరు చూడటానికి వచ్చిన అవ్వ.

"గీ ఖరాబంత తోడేస్తే ఇగ నీ బాయి బాగైతది అవ్వా!"

ఆ మాట వినగానే అవ్వ నా చేతులు పట్టుకొని గిర్రున తిప్పింది. ఇద్దరం కళ్లు తిరిగి మట్టిలో కూలబడి, ఆయాసం వచ్చేదాకా నవ్వాం.