పెద్ద పళ్లచక్రం

నా చిన్నప్పుడు నేను చేసిన ఒక పని తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే రోత పుడుతుంది.

తాడేపల్లిగూడెంలో మా వీధి మొత్తానికి గేర్ల సైకిలు ఒక్కటే. మా బాబాయి మద్రాసు నుంచి అక్క కోసం తెచ్చింది. సాయంత్రాలు అక్క నాకిచ్చేది. మగపిల్లలందరినీ దాటిపోవాలని నాకు ఒకటే యావ. పాత సామాన్ల కొట్టతను అది కనిపెట్టేశాడు. పెడల్ దగ్గరుండే పళ్లచక్రం తీసేసి ఇంకా పెద్దది వేస్తే సైకిలు గాల్లో పోతుందన్నాడు. వెనక గేర్లకి సరిపోతుందా అని అడిగితే, "ఏ సైకిలుకైనా పట్టేస్తది పాపా, ఏం కాదు" అంటూ చైను కూడా కొలవకుండా జిడ్డు చేతులతో బిగించేశాడు. ఛీ, అదీ ఒక పనితనమేనా!

సైకిలు నిజంగానే పరుగెత్తింది. మా వైపు రోడ్లు పళ్లెంలా ఉంటాయి. కొల్లేరు దాకా తొక్కినా ఎత్తన్నది తగలదు కాబట్టి, ఎత్తు ఎక్కడానికి పనికొచ్చే వెనక పెద్ద గేరు జోలికి ఎవరూ పోరు. నేను ఒక్కసారి ఊరికే వేసి చూశాను. చైను బిగుసుకుపోయి కిర్రుమంది. గబుక్కున చిన్న గేరుకు దించేసి నోరు మూసుకున్నాను. చెబితే పాత చక్రం వేయించేస్తారు కదా!

ఆ వారమే అక్క ఇంటర్ పాసైంది. పాసైతే ద్వారకా తిరుమల కొండకు సైకిలు మీద వస్తానని మొక్కుకుంది. తెల్లారితే ప్రయాణం. నేను మాత్రం ఏమీ ఎరగనట్టు శుభ్రంగా అన్నం తిన్నాను. అంతకన్నా నీచం ఉంటుందా?

మా తాతయ్య నోటితో తిట్టే మనిషి కాదు. కొత్త చక్రం ఆయన కంట పడింది. ఆ మధ్యాహ్నం సైకిలును వాకిట్లో తలకిందులుగా నిలబెట్టి, నన్ను పిలిచి పెడల్ చేతికిచ్చారు. "తిప్పు అమ్మడూ. ఆఁ, ఇప్పుడు కొండొచ్చింది. పెద్ద గేరు వెయ్యి."

నా చెయ్యి ఆగిపోయింది. ఆయన నా మొహంలోకి చూశారు.

"ఆగావేం? రేపు అక్క ఆగదు కదా, గట్టిగా తొక్కుద్ది. తిప్పు."

పెద్ద గేరు వేసి తిప్పాను. చైనును గేరు నుంచి గేరుకు నెట్టే వెనకాల ఇనప చేయి సాగి సాగి, టప్పున విరిగి చక్రం పుల్లల్లో ఇరుక్కుంది. చక్రం ఉన్నపళంగా ఆగిపోయింది.

"ఇప్పుడు దీని మీద ఎవరున్నారమ్మా?" అని మెల్లగా అడిగారు. నేను గోడ పక్కకి పోయి వాంతి చేసుకున్నాను.

సాయంత్రం అక్క సైకిలు చూసి భోరుమంది. "నేనే విరగ్గొట్టానమ్మా, గేర్లు తిప్పి చూద్దామని" అన్నారు తాతయ్య. నేను పక్కనే ఉండి నోరు విప్పలేదు. అక్క బస్సులో వెళ్లి మొక్కు తీర్చుకుంది గానీ, నెల్లాళ్లు ఆయనతో సరిగ్గా మాట్లాడలేదు. ఆయన మాత్రం నన్ను ఒక్క మాట అనలేదు.

మొన్న అక్క మనవడు ఫోన్లో పెద్ద పళ్లచక్రం చూపించి, "ఇది పట్టేస్తదంట చిన్నమ్మమ్మా" అన్నాడు. ఆ మాటకే నాకు ఒళ్లు మండింది. సైకిలు తలకిందులు చేయించి, వెనక పెద్ద గేరు వేయించి, చైనులో ఇక ఎంత కొంచెం వదులు మిగిలిందో వాడినే పట్టి చూడమన్నాను. కుర్చీలోంచి అక్క నవ్వింది.

"జాగ్రత్తరా, మా తాతయ్య ఇలాగే తిప్పి నా సైకిలు విరగ్గొట్టేశారు."

ఆయన కాదే, నేను, అనడానికి నోరు తెరిచాను. "చైను చాలదురా, వద్దు" అన్నాను వాడితో. తాతయ్య పోయి ఎన్నేళ్లో అయింది. ఆ తప్పు ఇంకా ఆయన పేరు మీదే ఉంది.